అయోగశృంగారమున పారతంత్ర్యము: వలస ముస్లిం కుటుంబముల ప్రణయకథలు

దశరూపకకర్తయగు ధనంజయుడు శృంగారమును అయోగము, విప్రయోగము, సంభోగము అని మూడు విధములుగ విభజించెను. పరస్పరానురాగము గల యువతీయువకులు ఏకచిత్తులై యుండియు, పారతంత్ర్యముచేతగాని దైవవశమునగాని కలిసికొనజాలక దూరముగ నుండుట అయోగమని ఆయన నిర్వచనము. మనము తరగతిలో ఈ లక్షణమును బోధించునపుడు అయోగమునకు గల పది అవస్థలను వివరించుటయందే కాలము గడుపుదుము. హేతువుగ చెప్పబడిన పారతంత్ర్యమను మాటను తేలికగ దాటిపోవుదుము. ఆ మాట యెంత లోతైనదో నాకు తెలియవచ్చినది సంస్కృతనాటకములు చదివినపుడు కాదు. బ్రిటనునకు, అమెరికాకు వలసపోయిన ముస్లిం కుటుంబములను గూర్చి ఇటీవలి దశాబ్దములలో వెలువడిన కొన్ని ప్రణయకథలను పరిశీలించినపుడు.

పారతంత్ర్యమనగా పరాధీనత. దశరూపకమునకు అవలోకమను వ్యాఖ్య రచించిన ధనికుడు తల్లిదండ్రులు మొదలగువారి అధీనమున నుండుటయే దీని భావమని సూచించి, మాలతీమాధవుల నుదాహరించెను. భవభూతి ప్రకరణమును ఈ దృష్టితో చదివినచో నొక విశేషము గోచరించును. మాలతి తండ్రి భూరివసువు, మాధవుని తండ్రి దేవరాతుడు విద్యార్థిదశయందే తమ బిడ్డలకు వివాహము చేయుదుమని మాట యిచ్చుకొన్నవారు. మాలతి వలచినది ఆ మాధవునే. ఇక అడ్డమేమి? రాజు తన ప్రియసచివుడగు నందనునకు మాలతిని కోరెను. మంత్రియగు భూరివసువు రాజును కాదనలేడు. కావున మాలతి తండ్రికి పరతంత్ర. తండ్రి రాజునకు పరతంత్రుడు. బిడ్డను బంధించిన చేయి తానును బంధింపబడియే యున్నది. ఈ రెండవ బంధమును చూడని పాఠకునకు భూరివసువు కేవలము కఠినుడగు తండ్రిగనే కనబడును.

వలసకుటుంబముల ప్రణయకథలను విమర్శించువారు సాధారణముగ మొదటి బంధమువద్దనే నిలిచిపోవుచున్నారు. అందు తండ్రి ప్రతినాయకుడు, మతము అతని ఆయుధము, ప్రేమ స్వేచ్ఛకు మారుపేరు అని చెప్పి ముగింతురు. ఈ వ్యాఖ్యానము సులభమైనదే గాని సత్యము కాదని నా అభిప్రాయము. దీనిని నిరూపించుటకై ఐదు కృతులను స్వీకరించుచున్నాను. అవి ఆయూబ్ ఖాన్ దిన్ రచించిన 'ఈస్ట్ ఈజ్ ఈస్ట్' (నాటకము 1996, చలనచిత్రము 1999), కెన్ లోచ్ దర్శకత్వమున పాల్ లావర్టీ రచనగ వెలువడిన 'ఏ ఫాండ్ కిస్' (2004), నదీమ్ అస్లమ్ నవల 'మ్యాప్స్ ఫర్ లాస్ట్ లవర్స్' (2004), కుమైల్ నంజియానీ, ఎమిలీ గోర్డన్ దంపతులు తమ జీవితము నాధారముగ గొని రచించిన 'ది బిగ్ సిక్' (2017), ఫాతిమా ఫర్హీన్ మిర్జా నవల 'ఎ ప్లేస్ ఫర్ అజ్' (2018). వీనిలో మూడు చలనచిత్రములు. తెలుగుశాఖ పత్రికలో చలనచిత్రచర్చ యేలయని కొందరు శంకింపవచ్చును. పాత్రలు, సంభాషణలు, సంధులు గల ప్రతి ప్రదర్శనము దృశ్యకావ్యమే. దానికి రూపకలక్షణములను అన్వయించుటలో దోషము లేదు.

మొదట మతవిషయమును తేల్చుకొందము. ఖుర్‌ఆనునందలి ఐదవ సూరా ఐదవ ఆయతు ప్రకారము ముస్లిం పురుషుడు గ్రంథప్రజలలో, అనగా యూదులలోను క్రైస్తవులలోను, శీలవతియగు స్త్రీని వివాహమాడవచ్చును. పూర్వధర్మవేత్తలలో అధికసంఖ్యాకులు దీనిని అనుమతిగనే గ్రహించిరి. కొందరు అయిష్టముగ చూచిరిగాని నిషేధింపలేదు. ఇప్పుడు మనము స్వీకరించిన మూడు చలనచిత్రములను చూడుడు. మూటియందును ప్రేమించువాడు ముస్లిం యువకుడు. మూటియందును అతడు వలచిన యువతి పుట్టుకచే క్రైస్తవసమాజమునకు చెందినది. వివాహమునకు ముందటి సాంగత్యమును శాస్త్రము నిషేధించునన్నమాట నిజమే. కాని ఈ తలిదండ్రుల అభ్యంతరము ఆ సాంగత్యమువద్ద నాగలేదు. ఆ యువతిని కోడలిగ స్వీకరించుటపైననే కేంద్రీకృతమైనది. శాస్త్రము తెరచి యుంచిన తలుపును కుటుంబము మూసినది. కావున ఈ కథలయందలి అడ్డమును 'ఇస్లాం' అను ఒక్క మాటతో వివరించు విమర్శకుడు ఆధారమును పరిశీలింపక తీర్పు చెప్పినవాడగును.

మరి తలుపు నెవరు మూసిరి? ఇచ్చట చరిత్ర కొంత అవసరము. బ్రిటనునందలి పాకిస్తానీ కుటుంబములలో పెక్కింటికి మూలము మీర్‌పూరు ప్రాంతము. 1967లో పూర్తియైన మంగళా ఆనకట్టవలన అచ్చట సుమారు లక్షమంది నిర్వాసితులైరి. వారిలో అనేకులు ఇంగ్లండునందలి మిల్లులకు, కర్మాగారములకు చేరిరి. తొలుత వచ్చినవారు పురుషులు. కొన్నియేండ్లు సంపాదించి తిరిగిపోవుదమన్నదే వారి తలంపు. 1962 నాటి కామన్‌వెల్త్ వలసల చట్టము రాకపోకలను నియంత్రించుటతో, ఒకసారి వెళ్ళినచో మరల వచ్చుట దుర్లభమను భయము కలిగినది. పురుషులు నిలిచిపోయిరి, భార్యాబిడ్డలను రప్పించుకొనిరి. తిరిగిపోవుదమన్న మాట మాత్రము ఇంటియందు మిగిలినది. ఆ మాటను నిలుపుకొను సాధనములు రెండే. ఒకటి స్వదేశమునకు పంపు డబ్బు. రెండవది బిడ్డలకు స్వదేశసంబంధము చేయుట. అమెరికాకు పోయినవారి స్థితి వేరు. 1965 నాటి వలసచట్టము విద్యావంతులకు, వృత్తినిపుణులకు ద్వారము తెరచినది. అచ్చట మిల్లు లేదు, ఇరుకువీధి లేదు. కాని బిడ్డ వివాహముపై ఆశ అదే విధముగ నున్నది.

ఈ ఆశను మన తెలుగువారు అర్థము చేసికొనుట కష్టము కాదు. మేనరికమను మాటయందే ఆ భావము కలదు. అన్న కూతురిని తన కొడుకునకు చేసికొనవలెనని చెల్లెలు కోరునపుడు ఆమె కోరునది వధువును మాత్రమే కాదు. పుట్టినింటితో తన బంధము తెగకుండుటను. పాకిస్తానీ ముస్లిం కుటుంబములలో ఈ సంబంధము ఇంకను విస్తృతము. మన హిందూకుటుంబములలో అన్నదమ్ముల బిడ్డలు సోదరసమానులు గాన వారికి వివాహము లేదు. వారియందు అదియును సమ్మతమే. సముద్రము దాటి వచ్చినవానికి అన్నకు ఇచ్చిన మాటను చెల్లించుటకు తన బిడ్డ తప్ప వేరు ద్రవ్యము లేదు. దీనినే నేను వలసతండ్రి ఋణమని వ్యవహరింతును. భూరివసువునకు రాజెట్టివాడో, ఈ తండ్రికి ఆ ఋణము, దానిని గమనించుచుండు బిరాదరీ అట్టివి.

ఈ దృష్టితో 'ఈస్ట్ ఈజ్ ఈస్ట్'ను పరిశీలింతము. చలనచిత్రకథ 1971లో, మాంచెస్టరు ప్రక్కనున్న సాల్‌ఫర్డ్ పట్టణమున జరుగును. జార్జ్ ఖాన్ వేయించిన చేపలు, బంగాళాదుంపల ముక్కలు అమ్ము దుకాణము నడుపును. అతని భార్య ఎల్లా ఇంగ్లీషు స్త్రీ. స్వదేశమున అతనికి మొదటి భార్య కలదు. తొలి దృశ్యముననే అతని బిడ్డలు క్రైస్తవుల ఊరేగింపున శిలువలు మోయుచు, తండ్రి కంట పడకుండుటకై దారి మార్చి పరుగిడుదురు. అతడు అబ్దుల్, తారిఖ్ అను ఇద్దరు కుమారులకు వారికి తెలియకుండ బ్రాడ్‌ఫర్డునందలి షాగారి కుమార్తెలతో సంబంధము నిశ్చయించును. తారిఖ్ పొరుగునున్న స్టెల్లాను ప్రేమించుచుండెను. ఆ స్టెల్లా తాత వలసవచ్చినవారిని తిరిగి పంపవలెనను ఈనక్ పావెల్ వాదమునకు అనుయాయి.

ఇందలి మౌలికవైరుధ్యమును గమనింపుడు. కుమారుల అన్యమతప్రణయమును సహింపని ఈ తండ్రి తాను స్వయముగ అన్యమతస్త్రీని వివాహమాడినవాడు. మతమే అడ్డమైనచో జార్జ్ ఖాన్ కథయే లేదు. అతడు తన జీవితమున చెల్లింపని ఋణమును కుమారుల జీవితములతో చెల్లింపబూనెను. పెద్దకుమారుడు నజీర్ పెండ్లిపందిరినుండి పారిపోగానే ఆ ఋణము రెట్టింపైనది; కావున ఈ మారు ఇద్దరిని ఒక్కసారిగ అప్పగింపజూచెను. వార్తలలో భారత పాకిస్తాన్ యుద్ధము వినవచ్చుచుండగ, తాను విడిచివచ్చిన దేశము చీలిపోవుటను చూచి అతడు వ్యథపడును. ఇంటియందు తండ్రిగ, వీధియందు పరదేశిగ, మసీదునందు ఇంగ్లీషు స్త్రీని చేసికొన్నవాడుగ మూడుచోట్ల మూడు తీర్పుల నెదుర్కొనుచున్నవాడతడు. ఓంపురి ఈ పాత్రను అభినయించిన తీరున ఈ మూడును ఒకే ముఖమున కనబడును.

అయినను ఈ కృతి తన ఆలోచనను చివరివరకు నిలుపుకొనలేదు. వధువులుగ రానున్న షాగారి కుమార్తెలను చూపిన విధానమే దీనికి నిదర్శనము. వారి రూపమును పరిహాసమునకు గురిచేసి, ఆ సంబంధము తప్పిపోవుట మేలేయని ప్రేక్షకునిచే సులభముగ ఒప్పించిరి. వధువు సుందరియై, వివేకవతియై యున్నచో కథ యెంత కష్టమయ్యెడిదో ఆలోచింపుడు. అప్పుడు తారిఖ్ నిరాకరణము కేవలము స్వేచ్ఛగ గాక, మరియొక మనుష్యునకు కలిగిన అవమానముగను కనబడియుండెడిది. రచయిత ఆ కష్టమును తప్పించుకొనెను. హాస్యము ఇచ్చట రసపోషకము కాలేదు; తప్పించుకొను దారియైనది. కథాంతమున, ఇంత కల్లోలము తరువాత, భార్యాభర్తలు తమ అలవాటు ప్రకారము తేనీటికై కూర్చుండుట మాత్రము ఉత్తమమైన కల్పన. వారి వివాహము నిలిచినది సిద్ధాంతమువలన కాదు, అలవాటువలన.

'ఏ ఫాండ్ కిస్' గ్లాస్గో నగరమున జరుగును. పేరు రాబర్ట్ బర్న్స్ వియోగగీతమునుండి గ్రహింపబడినది. కాసిం ఖాన్ తన చెల్లెలు తహారా చదువు కాథలిక్ పాఠశాలయందలి సంగీతోపాధ్యాయినియగు రోషీన్‌ను ప్రేమించెను. అతని తలిదండ్రులు స్వదేశమునుండి రానున్న బంధువుల అమ్మాయి జాస్మిన్‌తో వివాహము నిశ్చయించి యుండిరి. ఈ కథయందు నన్ను మిక్కిలి ఆకర్షించినది ఒక గది. కాసిం తండ్రి తారిఖ్ ఖాన్ కుమారుడు, కోడలు కాపురముండుటకై తన యింటికి అదనపు భాగమును నిర్మించుచుండెను. ప్రేమ పెరుగుచుండగ ఆ గోడలును పెరుగుచుండును. తండ్రి కోర్కె ఇచ్చట ఉపన్యాసముగ గాక ఇటుకలుగ కనబడును. కుమారుడు వధువును మాత్రమే నిరాకరించుట లేదు. తండ్రి కష్టార్జితముతో కట్టిన యింటిని నిరాకరించుచున్నాడు. దానిని చూచినపిదప ఈ తండ్రిని ప్రతినాయకుడనుటకు నోరు రాదు.

ఈ కృతియొక్క రెండవ గుణము సమతూకము. రోషీన్ భర్తనుండి విడిపోయినది, ముస్లిం యువకునితో నివసించుచున్నది. ఆమెకు శాశ్వతోద్యోగము లభింపవలెనన్నచో మతగురువు ఆమోదపత్రము నీయవలెను. స్కాట్లండునందు 1918 నాటి విద్యాశాసనమువలన కాథలిక్ పాఠశాలలు ప్రభుత్వపోషణలోనికి వచ్చినను, ఉపాధ్యాయుల మతవిశ్వాసమును, శీలమును ఆమోదించు అధికారము చర్చికే మిగిలినది. మతగురువు నిరాకరించును, ఆమె ఆ పాఠశాలను విడువవలసివచ్చును. అనగా పారతంత్ర్యము వలసవచ్చిన ముస్లిం యింటికి మాత్రమే పరిమితమైన వ్యాధి కాదు; స్వేచ్ఛాదేశమని పేరుగన్నచోట స్వదేశస్త్రీకిని అది తప్పలేదు. నాయకుని వెనుక బిరాదరీ, నాయిక వెనుక చర్చి నిలిచియున్నవి. మాలతీమాధవమున నాయికకే గల పారతంత్ర్యము ఇచ్చట ఉభయనిష్ఠమైనది. అయోగశృంగారమునకు ఇంతకంటె పరిపూర్ణమైన ఆధునికోదాహరణము నాకు కనబడలేదు.

'ది బిగ్ సిక్' చికాగో నగరమున హాస్యప్రదర్శనములిచ్చు కుమైల్ కథ. ప్రతివారము భోజనమునకు పోయినపుడు తల్లి యొక పాకిస్తానీ యువతిని యాదృచ్ఛికముగ వచ్చినట్లు రప్పించుచుండును. కుమైల్ ఆ యువతుల ఛాయాచిత్రములను ఒక చుట్టలపెట్టెయందు దాచుకొనును. నమాజు చేయుమని పంపగా క్రిందిగదిలో గడియారము పెట్టుకొని కాలము గడిపి వచ్చును. అతడు ప్రేమించిన ఎమిలీ ఆ పెట్టెను చూచి, తనకు అతని జీవితమున స్థానము లేదని గ్రహించి విడిపోవును. తరువాత ఆమె తీవ్రవ్యాధికి గురియై, వైద్యులచే కృత్రిమనిద్రయందుంచబడును. ఆమె తలిదండ్రులతోపాటు వైద్యశాలలో వేచియుండుటయే కుమైల్‌కు పరీక్ష. ధనంజయుడు పారతంత్ర్యమును, దైవమును అయోగమునకు వేర్వేరు హేతువులుగ చెప్పెను. ఈ కథయందు ప్రేమికులు తొలుత మొదటిదానిచే విడిపోయి, పిదప రెండవదానిచే దూరమైరి. దైవముచే కలిగిన వ్యాధియే పారతంత్ర్యమును ఛేదించుటకు అతనికి ధైర్యమునిచ్చినది.

ఈ చిత్రమునందలి రెండు విషయములు విశేషించి చెప్పదగినవి. అసత్యమాడినవాడు కుమారుడే యని కథ అంగీకరించును. తలిదండ్రులకు తన ప్రేమను, ప్రియురాలికి తన యింటి ఆశను దాచి, ఉభయులను వంచించినవాడు కుమైల్. తండ్రి కఠినతకంటె కుమారుని పిరికితనమే ఇచ్చట అయోగమునకు హేతువైనది. రెండవది, నిరాకరింపబడిన యువతులలో ఒకతె తన అలసటను, తనకు కలిగిన నొప్పిని అతనితో నేరుగ చెప్పును. 'ఈస్ట్ ఈజ్ ఈస్ట్'లో నవ్వులపాలైన వధువునకు ఇచ్చట నోరు వచ్చినది. అది ఒక్క సన్నివేశమే. పెట్టెలోని తక్కిన ఛాయాచిత్రములు ఛాయాచిత్రములుగనే మిగిలినవి. అయినను పద్దెనిమిదేండ్ల వ్యవధిలో ఈ జాతికథ నేర్చుకొన్న మానవత్వమున కది గుర్తు. చివర కుమారుడు న్యూయార్కునకు పోవుచుండగ, తల్లి వాహనమునుండి దిగదు, ముఖము చూడదు. కాని తండ్రి చేత బిరియాని పంపును. వెలివేసిన కుమారునకు దారిబత్తెము కట్టిన తల్లిని మనము మన యిండ్లలోను ఎరుగుదుము.

ఈ మూడు కృతులను ఎం.ఏ. విద్యార్థులకు వివరించుచుండగ ఒక ముస్లిం విద్యార్థిని లేచి యొక ప్రశ్న వేసినది: "అయ్యా, ప్రేమించిన వాళ్ళందరూ కొడుకులే. కూతురు ప్రేమిస్తే ఆ కథ ఇలాగే నవ్వుతూ ముగుస్తుందా?" ఆ గంటలో నేను సరియైన సమాధానము చెప్పలేకపోయితిని. ఆ ప్రశ్న నా వాదమునందలి లోపమును చూపినది. ధనికుడు పారతంత్ర్యమున కిచ్చిన ఉదాహరణము మాలతి. నేను తీసికొన్న ఉదాహరణములన్నియు మాధవులవి.

ఆమె ప్రశ్నను వెంటబెట్టుకొని ఆ చిత్రములనే మరల చూచితిని. శాస్త్రమున పురుషునకు గల అనుమతి స్త్రీకి లేదు. ముస్లిం స్త్రీ అన్యమతస్థుని వివాహమాడుట చెల్లదని పూర్వధర్మవేత్తల నిర్ణయము. ఇటీవల కొన్నిచోట్ల మార్పు వచ్చినది. ట్యునీషియా 1973 నాటి నిషేధాజ్ఞను 2017లో రద్దుచేసినది. కాని సామాన్యకుటుంబమున ఆ తలుపునకు శాస్త్రము, పరువు రెండును గడియలే. 'ఏ ఫాండ్ కిస్'లో కాసిం ప్రేమకు వెల చెల్లించినది అతడు మాత్రమే కాదు. అతని అక్క రుఖ్సానా వివాహసంబంధము చెడినది. చెల్లెలు తహారా పత్రికారచన చదువుటకు ఎడింబరో పోదలచెను; తలిదండ్రులు ఇంటివద్ద నుండి వైద్యవిద్య చదువుమనిరి. తనను తాను గ్లాస్గో పౌరురాలుగ, పాకిస్తానీగ, ముస్లింగ, కాథలిక్ పాఠశాలలో ప్రొటెస్టంటుల జట్టు నభిమానించుదానిగ సగర్వముగ చెప్పుకొన్న ఆ బాలికకు, తాను కోరిన చదువునకై కూడ పోరాటము తప్పలేదు. కొడుకు ప్రణయమునకు కూతురి భవిష్యత్తు తనఖా పెట్టబడినది.

కూతురే ప్రేమించిన కథను నదీమ్ అస్లమ్ నవలయందు చూడవచ్చును. ఇంగ్లండునందలి ఒక పట్టణము. అచ్చటి వలసవారు దానికి పెట్టుకొన్న పేరు దశ్త్-ఎ-తన్హాయీ, అనగా ఏకాంతపు మరుభూమి. చాందా, జుగ్ను అను ప్రేమికులు కనబడకుండపోవుటతో కథ ప్రారంభమగును. వారిద్దరును ముస్లింలే; వివాహము లేక కలిసి యుండుటయే వారి యపరాధము. చాందాను చంపినవారు ఆమె సోదరులు. అదే నవలలో హిందూయువకుని ప్రేమించిన ముస్లిం బాలికకు దయ్యము పట్టినదని చెప్పి, దానిని వదలించు నెపమున ప్రాణము తీయుదురు. కొడుకుల కథలు హాస్యమును ఆశ్రయింపగలిగినవి; కూతుళ్ళ కథ కరుణమున, బీభత్సమున మునిగినది. ఇది రచయితల స్వభావభేదమునుండి మాత్రమే వచ్చినది కాదు. పారతంత్ర్యము స్త్రీపై రెండింతలగుటయే దీనికి హేతువు. నా విద్యార్థిని అడిగిన ప్రశ్నకు సమాధానమిదే: అట్లు ముగియుట దుర్లభము.

ఐనను అస్లమ్ ఎవరిని ద్వేషింపుమని చెప్పలేదు. జుగ్నుయొక్క వదిన కౌకబ్ దృఢవిశ్వాసము గల స్త్రీ. ఆమె కఠినవాక్యములు పాఠకుని బాధించును. కాని భాష రాని దేశమున, బిడ్డలు ఒక్కొక్కరుగ దూరమగుచుండగ, నమాజుచాప తప్ప తనదన్న స్థలము లేని ఆమె యేకాంతమును రచయిత మరువనీయడు. విశ్వాసమే ఆమెకు మిగిలిన ఊరు. దానిని విడువుమనుట ఊరు విడువుమనుటయే. ఆ పని ఆమె యొకసారి చేసినది, రెండవసారి చేయలేదు.

ఇక చివరి నవల 'ఎ ప్లేస్ ఫర్ అజ్'. ఇది మనకు సమీపమైనది. ఇందలి తల్లి లైలా హైదరాబాదున పెరిగినది. వివాహానంతరము కాలిఫోర్నియాలో రఫీక్‌తో కాపురము చేసి హదియా, హుదా, అమర్ అను ముగ్గురు బిడ్డలను పెంచినది. అమర్ ప్రేమించిన అమీరా వేరు మతస్థురాలు కాదు. అదే సమాజమున గౌరవము గల కుటుంబపు బాలిక. అన్యమతప్రణయచర్చలో ఈ నవల కేమి పని యని అడుగవచ్చును. నా వాదమునకు ఇదియే బలమైన సాక్ష్యము. మతభేదమే అడ్డమైనచో, అది లేనిచోట అడ్డము తొలగవలెను. తొలగలేదు. తల్లి లైలా స్వయముగ అమీరా తల్లికడ కేగి, రహస్యమును వెల్లడించి, ఆ ప్రేమను విచ్ఛేదము చేసినది. కుమారుని మేలు, కుటుంబముల గౌరవము కోరియే ఆమె ఆ పని చేసినది; ఫలితముగ కుమారుని పోగొట్టుకొన్నది. ఇచ్చట మతము సమానము, భాష సమానము, ఊరు సమానము. మిగిలిన హేతువు ఒక్కటే: నలుగురిలో తలయెత్తుకొని నిలువవలెనను ఆశ, దానిని పోగొట్టుకొందుమేమోయను భయము.

ఈ నవలయందలి మరియొక విశేషము చివరి భాగము. అంతవరకు కఠినుడుగ, దూరముగ కనబడిన తండ్రి రఫీక్ అందు తన కథను తానే చెప్పుకొనును. కుమారుని ప్రేమించియు ఆ ప్రేమను చూపనేరని వ్యథ ఆ భాగమంతట వ్యాపించి యున్నది. జార్జ్ ఖాన్‌కు లభింపనిది, తారిఖ్ ఖాన్‌కు ఇటుకల రూపమున మాత్రమే లభించినది, రఫీక్‌కు మాటలుగ లభించినది. ఆ భాగమును చదివినపిదప పాఠకుడు వెనుకటి పుటలకు మరలి, అమర్ కంటితో చూచిన తండ్రిని ఇంకొకమారు చూడవలసివచ్చును. ఋణమును గూర్చి ఋణస్థుడే చెప్పినగాని మనకు పూర్తిగ తెలియదు.

ఈ వాదముపై ఒక ఆక్షేపము రాగలదు. తండ్రియు పరతంత్రుడే యన్నచో అతని దౌర్జన్యమును క్షమింపవలెనా? జార్జ్ ఖాన్ భార్యను కొట్టుటను, చాందా సోదరులు హత్య చేయుటను పారతంత్ర్యమను శాస్త్రీయపదముతో కప్పిపుచ్చుట తగునా? తగదు. హేతువును చెప్పుట వేరు, సమర్థించుట వేరు. భూరివసువు బాహ్యముగ రాజాజ్ఞకు తలయొగ్గియు, తన సహాధ్యాయినియగు కామందకి చేత బిడ్డ కోర్కె నెరవేర్పించుటకు దారి చూచెను. పరతంత్రుడైన తండ్రికి కూడ ఎన్నుకొను దారి కొంత మిగిలియుండునని భవభూతి చూపెను. జార్జ్ ఖాన్ ఆ మిగిలిన దారిని వినియోగించుకొనలేదు. అందులకు అతడు బాధ్యుడే. అతని బంధములను చూపుటవలన ఆ బాధ్యత తగ్గదు. అతడు ఏ బిందువునందు మనుష్యుడుగ నిలువగలిగియు నిలువలేదో స్పష్టపడును. బంధమును చూడని విమర్శకుడు అతనిని మతమునకు ప్రతినిధిగ మార్చి, వ్యక్తిగ విడిచిపెట్టుచున్నాడు.

ఈ విషయము తరగతిగదిలో ప్రాముఖ్యము గలది. మన విద్యార్థులలో అన్ని మతములవారు నుందురు. ముస్లిం తండ్రిని ప్రతినాయకుడుగను, అతని మతమును ప్రేమకు శత్రువుగను బోధించు పాఠము ఆ కథకు న్యాయము చేయదు. ఎదుట కూర్చున్న విద్యార్థికిని న్యాయము చేయదు. అట్లే ఆ తండ్రిని నిర్దోషిగ చిత్రించు పాఠము ప్రశ్న వేసిన ఆ విద్యార్థినికి అన్యాయము చేయును. రెండింటి నడుమ నిలుచుటకు మన అలంకారశాస్త్రమందలి ఆ యొక్క పదము తోడ్పడును. ప్రణయకథను పరిశోధించువారు నాయికానాయకుల అవస్థలను లెక్కించుటతో తృప్తిపడక, వారిని బంధించినవారెవరు, ఆ బంధించినవారిని బంధించినదేమి, ఆ బంధముల భారము కొడుకుపై ఎంత, కూతురుపై ఎంత అని విచారింపవలెనని నా మనవి. తెలుగునవలలలో కులాంతర మతాంతర ప్రణయములను గూర్చి పరిశోధింపదలచిన విద్యార్థులకు ఈ మార్గము ఉపకరింపగలదని విశ్వసించుచున్నాను. అందలి తండ్రులను, అన్నిటికంటె ముందుగ అందలి కూతుళ్ళను, మరల చదువవలసి యున్నది.